ఐదు కిలోమీటర్ల పులుపు

ఫోన్‌లో పటం తెరిచి
మా వంటిల్లున్న చోట వేలు పెడితే
చుట్టూ గుండ్రంగా ఒక గీత పడింది.
ఐదు కిలోమీటర్లు.
ఇంతే, ఇప్పటికి మా దేశం.

లోపల రెండు పెట్రోలు బంకులు,
హంసిని బడి గేటుకి తాళం,
ఎవరూ ఎక్కని రైలు స్టేషను.
గీతకి ఆవల, ఆరొందల మీటర్ల దూరంలో
చింతపండు అమ్మే కొట్టు.

మెల్‌బోర్న్‌లో ఈ పేటకి
సన్‌షైన్ అని ఎవరు పేరు పెట్టారో గాని
ఆగస్టులో పొద్దు
మొహమాటానికొచ్చిన చుట్టంలా
మూడింటికి తొంగిచూసి
కాఫీ కూడా తాగకుండా లేచిపోతుంది.

రాత్రి ఎనిమిది దాటితే కర్ఫ్యూ.
సోము దగ్గర కాగితం ఉంది,
రైలు నడుపుతాడు గనక.
ఆరు బోగీలు, మనిషి లేడు.
అయినా ప్రతి స్టేషన్లోనూ ఆపుతాడట,
తలుపులు తెరుస్తాడట.
చలిగాలి ఎక్కుతుంది. మూస్తాడు.
"దానికి టికెట్టు అడిగేవాడే లేడు" అంటాడు
వెనక గుమ్మంలో యూనిఫాం విప్పి
బకెట్టులో ముంచుతూ.
నవ్వుతాను నేను, గరిటె పట్టుకుని,
మీటరున్నర అవతల్నించి.
ముందుగదిలో వేశాం అతని పరుపు.
పెళ్ళయిన పదకొండేళ్ళకి
మా మధ్యకొక కొలత వచ్చింది.

రెండో తరగతి మా భోజనాల బల్ల మీద నడుస్తోంది.
కుక్కరు కూతేస్తే టీచరమ్మ పాఠం ఆపి
"మీ ఇంటి పక్కనించి రైలు వెళ్తుందా?" అనడిగింది.
"మా నాన్నది" అంది హంసిని,
రెప్పయినా వేయకుండా.
ఆ పూట తొమ్మిది కూతలు రానిచ్చాను.
పప్పు గుజ్జయిపోయింది. పోనీ.

పులుపు లేదు ఇంట్లో.
నిమ్మకాయ పిండి చూశాను,
ఒకరోజు తెగించి వెనిగర్ పోశాను.
రుచి తెలియడం లేదంటే
ఈ రోజుల్లో పరీక్షకి పొమ్మంటారు.
అందుకే సోము
బాగుందన్నాడు.

నడకకి రోజుకో గంట.
వెనక సందులో, పట్టాల కంచె పొడుగునా
పసుప్పచ్చ పూలు విరగబూసి ఉన్నాయి.
మూడేసి ఆకులు, మధ్యకి నొక్కినట్టు.
నెలరోజులుగా తొక్కుకుంటూ పోతున్నవే.
వద్దు వద్దనేలోపే మాస్కు గడ్డం కిందకి లాగి
ఒక కాడ తుంచి నోట్లో పెట్టేసింది పిల్ల.
కళ్ళు చికిలించింది,
ఒళ్ళు జలదరించింది,
ఇంకోటి తుంచింది.

"తిననీవమ్మా" అంది ఇటువైపు పెరట్లోంచి
కార్మెన్, మాల్టా ముసలావిడ.
"చిన్నప్పుడు మేమూ చీకేవాళ్ళం.
మా ద్వీపంలో దీన్ని ఇంగ్లీషు గడ్డి అంటారు."
ఇంగ్లండ్ నించి వచ్చిందా, అన్నాను.
"ఏమో. ఎక్కణ్ణించో వచ్చి
పోకుండా ఉండిపోయినదానికి
ఏదో ఒక పేరుండాలి కదా."
మా వైపు పులిచింత అని ఒకటుంటుంది,
ఇది దాని అక్కో చెల్లెలో అయ్యుండాలి, అన్నాను.
రెండు మాస్కులు దాటి వెళ్ళేసరికి
ఆ మాటలో సగమే మిగిలినట్టుంది,
"పులీ" అని పిలిచి చూసింది గడ్డిని.
"అక్కడివి కోయకు, కుక్కలు తిరిగే చోటు.
నా పెరట్లోవి ఇస్తానుండు."

సంచీ కంచెకి తగిలించి
ఆవిడ నాలుగడుగులు వెనక్కి వెళ్ళాక
నేను వెళ్ళి తీసుకున్నాను.
దొంగసొమ్ము పంచుకుంటున్నట్టుంది.

గుప్పెడే వేశాను, మరీ ఎక్కువ కూడదంటారు.
ఇంగువ, ఎండుమిర్చి, చిటపటలు.
ఒక డబ్బా కంచె మీదికి వెళ్ళింది.

తొమ్మిదీ నలభైకి
వెనక సందు మీదుగా ఆరు వెలుతురు పెట్టెలు
ఖాళీగా పోయాయి.
పడుకోమన్నా పడుకోక, కిటికీకి ముక్కు ఆనించి
హంసిని చెయ్యూపింది,
ఎవరో ఉన్నట్టే.

పదకొండింటికి సోము,
బల్ల ఆ చివర, తలారా స్నానం చేసి,
మొదటి ముద్ద మింగి ఆగాడు.
రెండోది మెల్లిగా నమిలాడు.
"చింతపండెక్కడిది?"
గొంతు తగ్గించాడు, పోలీసులు
గోడవతల ఉన్నట్టు.
"గీత దాటావా?
పదహారొందల చిల్లర డాలర్లే, జరిమానా!"

నేనేమీ చెప్పలేదు.
లేచి, చెయ్యి బాగా చాచి
ఇంకో గరిటెడు వడ్డించాను.