ఆరు, తొమ్మిది

డబ్బాలు పదకొండు.
వాల్తేరు స్టేషన్ పార్సిల్ ఆఫీసులో
పులిసిన వాసన కొడుతూ, తాళ్లు బిగించి,
మద్రాసు మీదుగా దిగిన జపాను రాజ్యం.
రసీదు మీద బరువు వేశారు గానీ
లోపల ఎన్ని గుర్రాలున్నాయో రాయలేదు.

రిక్షాలో నా ఒళ్లో ఆరు, కాళ్ల కింద ఐదు.
జ్ఞానాపురం గతుకుల్లో
సేనాపతులు గలగలమన్నారు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు. నలభై మడత కుర్చీలు.
మిషను ఒకటే,
రీలు రీలుకీ లైట్లు వెలిగేవి, బీడీలు కూడా.
మా ఆపరేటర్ పేరు దేముడు.
నవ్వకండి, మా వైపు వీధికో దేముడుంటాడు.
డబ్బాలు వరసలో పేర్చి అందించింది నేను.
తుప్పు మూత మీద సున్నా చుట్టి తోక పెట్టిన అంకె,
తోక పైకుందో కిందకుందో
చూడలేదు.

ఎక్కడిదో ఇంగ్లీషు విషాద నాటకమట,
సముద్రాలు దాటొచ్చి జపాను కోటలో కాపురం పెట్టింది.
తెర నిండా పొగమంచు.
కింద తెల్లటి అక్షరాలు
తెల్లటి పట్టుబట్టల మీద పడి కరిగిపోయేవి.
అక్కర్లేకపోయింది.
పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు, కంచరపాలెం స్టేజీకి దుర్యోధనుడు,
సీరపు గవర్రాజు ముందు వరసలోంచి అన్నాడు:
"మడం లేవకండా నడస్తన్నాడు సూడండి.
ఈడు సినిమావోడు కాడు, స్టేజీ మనిసి."

ఐదో రీలు అయింది. లైట్లు ఆరాయి.
సేనాపతి భార్య మోకాళ్ల మీద కూచుని
గది నేల తుడుస్తోంది.
తెల్ల గుడ్డ, నున్నటి చెక్క. మళ్లీ మళ్లీ, అక్కడే.
తలుపు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడ్డ నూకరత్నం
ఆ హాలు రోజూ తుడిచే మనిషి,
నాకు వినపడేలా గొణిగింది:
"ఏటలా తుడస్తంది? మరకే నేదు గదా."

తరవాత ఎవరికో పాడె కట్టారు.
ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడలేదు.
కోట తలుపులు మూసే వేళకి
హార్బరులో ఏదో ఓడ కూత పెట్టింది,
అది సినిమాలోదే అనుకున్నాం.

ఆ తరవాత
పాడె మీద పోయినవాడు భోజనానికొచ్చాడు.
నవ్వుతూ వచ్చాడు. చెప్పులు విప్పాడు.
సేనాపతి భార్య తనే వడ్డించింది.
ఏ గది ఇస్తారో మాకు తెలుసు,
ఆ గది నేల అప్పటికే చూసేశాం.
హాల్లో ఒక్క బీడీ వెలగలేదు.
గవర్రాజు, రారాజు వేషం ముప్పై ఏళ్లు కట్టినవాడు,
చిన్న గొంతుతో "పడుకోకు నాయనా" అన్నాడు.

అయ్యాక చప్పట్లు.
కింగ్ జార్జి డాక్టరుగారొకరు
కాలాన్ని తలకిందులు చేసిన ప్రతిభ గురించి
వరండాలో పావుగంట మాట్లాడారు.

మర్నాడు సెక్రటరీ కథాసారాంశం చదివాడు.
దేముడి డబ్బులు నలభై కోసేశారు.
తప్పు దేముడిదే అన్నారు,
దాంతో అందరికీ సరిపోయింది.
ఆర్క్ వెలుగుకి కమిలిన కళ్లతో
అతను నన్నొకసారి చూశాడు.
అడగలేదు.
అడిగుంటే చెప్పేవాణ్ణే
అని చాలా ఏళ్లు అనుకున్నాను.

మొన్న సీతమ్మధారలో, ఫోన్లో,
అదే సినిమా సరైన వరసలో చూశాను.
అతిథి వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు.
నెత్తురు. మరక. ఆవిడ తుడిచింది.
లెక్క సరిపోయింది.
సగంలో ఆపేసి పాలు పొంగాయేమో చూడ్డానికి వెళ్లాను.

ఆ రాత్రి హాలు ఖాళీ అయ్యాక
దేముడు రీళ్లు వెనక్కి చుడుతున్నాడు.
నేను డబ్బాల మూతలు పెడుతున్నాను,
తోకలు చూసి, ఒక్కొక్కటీ, జాగ్రత్తగా.
తొమ్మిది చేతిలో పట్టుకుని ఆగిపోయాను.
నూకరత్నం తడిగుడ్డతో వరస వరసా తుడుచుకొస్తూ
నా దగ్గరికొచ్చి,
"కాలు తియ్యి బాబూ" అంది.

తీశాను.
ఏం లేదక్కడ. ఉత్త సిమెంటు.
అయినా రెండుసార్లు తుడిచింది.