ముల్లు బరువు

కాటా తీసుకుని రమ్మన్నాడు గొర్లె అప్పలసూరి,
కొత్తపేటలో వాళ్ల మేడగదికి.
పుస్తెలు తూచే కాటా.
ఆగిన పళ్ళెం మీద దాన్ని పెట్టి
వజ్రపు ముల్లుని దించేడు.
"పావు తక్కువ రెండు గ్రాములు, కంసాలీ.
ఎక్కువైతే గాడి అరిగిపోద్ది.
తక్కువైతే గెంతుతాది."

నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పైరెండేళ్లు మగ్గాల మేస్త్రీ.
పీఎఫ్‌లో సగం ఈ ముల్లుకే పోసేడు.
బల్ల కింద నాపరాయి, రాయి కింద నాలుగు టెన్నిస్ బంతి ముక్కలు:
లారీ వెళ్తే గది అదరొచ్చు,
పాట అదరకూడదు.

భూతద్దంలో చూసి ముల్లు నిటారు చేసేను.
రవ్వ పొదిగినట్టే. ఊపిరి చేతికి తగలకూడదు.

వయొలిన్ పైకి పోయింది,
ఇంకా పైకి,
వెంట్రుక కొసకి.

"ఆ పైది ఇనబడతందా?"
మగ్గాలు ఆ పైదాన్ని ఎప్పుడో తినేసేయి
అతని చెవుల్లోంచి.
"పాత ముల్లుకి అక్కడ గీరుడొచ్చీదని మాయావిడ అనీది.
ఇప్పుడేటొస్తంది?"

సంగీతం మాటలు నాకు రావు.
"తరుగు లేదు, సూరీ," అన్నాను.

అతను స్పీకరు చెక్క మీద రెండు వేళ్లు ఆనించి
కాసేపు అలాగే ఉన్నాడు.
తర్వాత, "మళ్లీ మొదటినుంచి ఎయ్యి" అన్నాడు.