తక్కువ, మధ్యస్థం, ఎక్కువ

విజయవాడ ఆఫీసు నుంచి ఫారం వచ్చింది,
ఏ ప్రమాదం, ఎంత అవకాశం,
ఏం జాగ్రత్త, బాధ్యులెవరు.
శుక్రవారం సాయంత్రంలోగా నింపి పంపాలట.

గుంటూరులో ఏటుకూరు రోడ్డు మీద
కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో కూర్చున్నాను.
చుట్టూ తొడాలు తీసే ఆడవాళ్ళు,
మోకాళ్ళెత్తున మిరప రాశులు.
ఇక్కడెవరూ చేత్తో కన్ను తుడుచుకోరు,
భుజం పైకెత్తి జాకెట్టు చేతికి అద్దుకుంటారు.
నాకది అలవాటయ్యేసరికి వారం పట్టింది,
ఆ వారమంతా నన్ను చూసి నవ్వారు.

మొదటి ఏడాది మేం కాగితాలు పంచాం.
గులాబీ రంగు, రెండు మడతలు,
పెద్ద పెద్ద అంకెల్లో ఫోన్ నంబరు.
ఫొటో తీసి పైకి పంపితే శభాష్ అన్నారు.
దీనమ్మ అనుకుందాం, అసలు పేరు ఇక్కడ రాయను,
దాన్ని బియ్యం డబ్బాలో దాచుకుంది.
బియ్యం కొలిచేది రోజూ తానే కదా అని.
ఒక సాయంత్రం తనకి జ్వరం.
మూత అతను తీశాడు.

ఇప్పుడామెకు ఎడమ చెవి వినపడదు.
నాతో మాట్లాడేటప్పుడు తల కొంచెం తిప్పుతుంది,
ఒక్క మాట కూడా అనదు.
అదే నాకు కష్టం.

ఆ ఏడు నివేదికలో రాశాం:
నాలుగు వేల కరపత్రాలు, లక్ష్యం పూర్తి.
చెవికి గడి లేదు.

తర్వాత కాగితం మానేశాం.
నా నంబరు ఫోన్లలో మొదట ‘గ్యాస్ సుబ్బారావు’.
మస్తాన్‌బీ నెత్తి కొట్టుకుంది,
‘మగ పేరు పెడతావా తల్లీ,
ఇంకో నాలుగు తగిలిద్దామనా!’
అప్పట్నుంచి నేను టైలరక్కని.
జాకెట్టు అయిందా అంటే పక్కనెవరో ఉన్నారని,
బిగుతైందంటే ఈ రాత్రికి చోటు కావాలని.
నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.
పోయిన నెల ఒకావిడ నిజంగానే
రెండు జాకెట్ల గుడ్డ తెచ్చిచ్చింది, లైనింగుతో సహా.

ఫిర్యాదులు తగ్గాయి కాబట్టి ‘తక్కువ’ అని
రాయొచ్చు కదా అంటారు ఆఫీసులో.
ఫిర్యాదులు ఆగిన వీధికే నేను ముందు వెళ్తాను.
గడప దాటే రోజే అన్నిటికన్నా ‘ఎక్కువ’,
అందుకే మేం ‘వచ్చెయ్’ అనం,
‘ఎప్పుడు, పిల్లల్ని ఎవరు తెస్తారు,
ఆధార్ కార్డులు ఎక్కడున్నాయి’ అని అడుగుతాం.
ఏసోబు ఆటో సీటు బ్లేడుతో కోసేశారు.
ఎవరో మాకూ తెలుసు, అతనికీ తెలుసు.
సీటు మీద గోతాం పరిచి మళ్ళీ వచ్చాడు.
దీన్ని ‘మధ్యస్థం’ అని రాశాను,
కొట్టేశాను,
మళ్ళీ రాశాను.

దీనమ్మ పక్కన కూర్చుని ‘ఏందక్కా అది’ అంది.
కుడి వైపు జరిగి చదివి వినిపించాను,
మా వల్ల మీకు ఏమేం ముప్పు రావచ్చో.
తొడిమ తుంచుతూనే విన్నది.
‘నువ్వు రాకముందూ కొట్టేవోడు,
అప్పుడు యే కాయితంలో రాశారు?’
నేనేమీ అనలేదు.
కాసేపటికి తనే అంది:
‘జాగ్రత్త కాడ ఇది రాయి.
బియ్యం డబ్బా వద్దు,
కారం డబ్బాలో దాచమను.
మగోళ్ళు దాంట్లో చెయ్యి పెట్టరు.’
షెడ్డంతా నవ్వింది,
నవ్వితే ఘాటెక్కి అందరూ దగ్గారు.

రాశాను.

ఇక చివరి గడి, బాధ్యులెవరు.
నా పేరు రాశాను.
‘నాది కూడా ఎక్కించు,’ అంది.
పేర్లు ఈ కాగితంలో ఉండకూడదు,
ఎవరి చేతిలో పడుతుందో తెలియదు అన్నాను.
పెద్ద కాయ ఒకటి ఏరి, తొడిమ తీసి, రాశిలోకి విసిరి
‘అయితే కుడి చెవి అని రాయి,’ అంది.

సోమవారం ఆఫీసు నుంచి ఫోనొస్తుంది,
ఇదేం పదవండీ అని.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.