నాలుగు నిమిషాల రేవు

ఓయివా మామయ్య బల్లకట్టు
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నాలుగు నిమిషాలు.
ఎదురుగాలి ఉంటే అయిదు.
పాల లారీ ఎక్కితే "ఆరు" అనేవాడు,
లారీ కేసి కాదు, నా కేసి చూసి.
ఆ రోజు కథ రెండు నిమిషాలు పొడుగన్నమాట.

ముందు నీళ్లలోంచి ఇనుప తాడు లేచేది,
చక్రాల మధ్య నలిగి, బొట్లు బొట్లుగా కారుతూ
వెనక మళ్లీ మునిగేది.
"నార్వే నావికులు చెప్పే పాము ఇదే.
భూమిని చుట్టుకుని తన తోక తానే కరుచుకుంది.
మన సరస్సులో మాత్రం కాస్త వీపు బయటపెడుతుంది.
దాని మీదే పోతున్నాం. గట్టిగా మాట్లాడకు."
నాకు ఎనిమిదేళ్లు.
రబ్బరు బూట్లలో కాలివేళ్లు ముడుచుకున్నాను.
పక్కనున్న పోస్టావిడ కూడా గొంతు తగ్గించింది.

ఆ రేవు పేరులో ఎలుగుబంటి ఉంది.
అందుకే ఆ పేరు ఆయన నోట రాదు.
"తేనెపంజా దొరగారి రేవు" అంటాడు,
దొరగారు పొదల్లోంచి వింటున్నట్టు టోపీ సర్దుకుని.

ఆయన కథలో పిల్ల పేరు తుయిరా.
కత్తి లేదు, గుర్రం లేదు.
వాళ్లవ్వ రొట్టెల పులిపిండి ముద్దను
చచ్చినవాళ్లు అరువడిగి తిరిగివ్వలేదని
తువోనెలా నదికి బయల్దేరింది, ఒక చెక్క గిన్నెతో.
నల్లటి నీళ్లు. అవతల ఎవరో దీపం ఊపుతున్నారు.
తుయిరా పడవలో కాలు పెట్టింది, పడవ సగం దూరం వెళ్లింది,
అప్పుడు
ధన్న్‌మని బల్లకట్టు ఒడ్డుకు తగిలేది.
"దిగండి, దిగండి" అనేవాడు మామయ్య, అందరితోబాటు నన్ను కూడా.

ఒక అక్టోబరులో తాడు పోగు ఒకటి తెగి లేచి
ఆయన అరచేతిని బొటనవేలి దాకా చీల్చింది.
అరవలేదు. గొంతుక్కూచుని
అల్లరి పిల్లాణ్ణి నిలదీసినట్టు దాన్ని నిలదీశాడు:
"నీ పుట్టుక నాకు తెలుసురా, ఇనుమా.
బురదగుంటలో ఎర్రనీళ్లవి నువ్వు.
దుప్పి తొక్కితే గిట్ట గుంటలో నిలిచినవాడివి.
దాహమేసిన తోడేలు నాకి ఉమ్మేసినవాడివి.
కొలిమి చూసి గుక్కపట్టి ఏడ్చినవాడివి.
నువ్వా, నన్ను కోసేది?"

రక్తం ఆగిందా అంటే, ఆగలేదు.
వర్కావుస్ ఆస్పత్రిలో పదకొండు కుట్లు పడ్డాయి.
ఆగింది నా ఏడుపు.

తరవాత వంతెన వచ్చింది.
బ్యాండు మేళం, ఏలకుల బన్నులు, మునిసిపాలిటీ వారి కాఫీ.
కారులో పద్దెనిమిది సెకన్లు.
అనగనగా అనేలోపు అవతలి ఊరు.

ఇనుప తాణ్ణి యంత్రంతో లాగి ఒడ్డున చుట్టపెట్టారు,
నాచు, గుల్లలు, ఎవరిదో పోయిన గాలపు ముల్లు.
పద్నాలుగేళ్ల దాన్ని, తెలివైన దాన్ని,
చివరిదాకా నడిచి చూసొచ్చాను:
సిమెంటు దిమ్మ, ఒక బోల్టు. అంతే.
"తల లేదు మామయ్యా" అన్నాను, కొంచెం కసిగానే.
కుట్ల గీత మీద బొటనవేలు రాసుకుంటూ
"ఇంకా రాలేదు" అన్నాడు.
"అది తోక వైపు."

ఇప్పుడు నేను పిల్లలకి సాహసగాథలు రాస్తాను.
మంచు రాక్షసులు, గడ్డకట్టిన సముద్రాలు,
కొండంత ఎత్తు లేచి కలాన్ని ఆపేసే ఆకారాలు.
లేచిన ప్రతిదాన్నీ ముందు అడుగుతాను:
ఏ గుంటలో నీళ్లవి నువ్వు?
నిన్ను తొక్కిన గిట్ట ఏది?
కొన్ని చెబుతాయి. కొన్ని చెప్పవు,
వాటి కోసం ఆ రాత్రి దీపం ఆర్పకుండా పడుకుంటాను.

మొన్న రోవనియెమి నుంచి ఒక కుర్రాడి ఉత్తరం,
పెన్సిలుతో, కోపంగా:
"మీ అధ్యాయాలన్నీ నీళ్ల మధ్యలోనే ఎందుకు ఆగిపోతాయి?"

జవాబు రాశాను:
ఆ రోజు పాల లారీ ఎక్కలేదు, బాబూ.