214 నంబరు నోరు

త్రియెస్తెలో బోరా గాలి లేచిన రోజు
మలుపుల్లో తాళ్లు కడతారు, మనుషులు పట్టుకుని నడవడానికి.
నా పని నేలమాళిగలో.
ఇక్కడికి గాలి రాదు, నోళ్లొస్తాయి:
సుద్దలో పోతపోసి, పాత పేపర్లో చుట్టి,
పేరుండదు, నంబరుంటుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా నాకు ముఖాలతో పనిపడలేదు.
పై దవడని ఇత్తడి చట్రానికి బిగిస్తాను,
కిందిదాన్ని నెమ్మదిగా మూస్తాను.
ఆ చప్పుడు చాలు,
ఈ మనిషి రొట్టె ఎటువైపు నములుతాడో చెప్పేస్తాను.

214 మొదటిసారి వచ్చినప్పుడు
కోరపళ్లకి ఇంకా మొనలున్నాయి.
ఒక్కటే తేడా. కుడివైపు వెనకపంటికి
ఎవరో వేసిన తొడుగు
వెంట్రుకవాసి ఎత్తు.
నీలి కాగితం పెట్టి మూస్తే
తక్కిన పళ్లన్నీ తెల్లగానే ఉన్నాయి,
అదొక్కటే సిరా తాగింది.

చీటీ రాశాను: 'అది కాస్త అరగదీయండి.'
డాక్టర్ బెనుస్సి కిందే జవాబు రాశాడు:
'నొప్పి లేదంటోంది. అలవాటు పడుతుందిలే.'

పడింది.
దవడంత మంచి జంతువు ఇంకొకటి లేదు.
దారిలో రాయి ఉంటే పక్కకి ఒరిగి నడుస్తుంది,
రాయి తీయమని అడగదు.

తొమ్మిదేళ్లకి రెండో పెట్టె.
ఒరిగిన వైపు కోర మొండి.
కింది ముందుపళ్లు అరిగిన సబ్బుబిళ్లలు.
చీటీలో: 'రాత్రిళ్లు పళ్లు నూరుతుంది.
ఆ చప్పుడుకి భర్త వంటగదిలో పడుకుంటున్నాడట.'

మా భాషలో దీని పేరు కాటు.
పాముకాటు సంగతి తెల్లారేలోగా తేలిపోతుంది.
ఇది ఎవరినీ కరవదు,
తనని తానే, ఇంత ఇంత,
ఏళ్లకేళ్లు, నిద్రలో.

పోయిన ఫిబ్రవరిలో మూడోది.
తొడుగున్న పన్ను లేదు.
దాని కిందిది నిలువునా చీలింది,
పక్కవి రెండూ ఆ ఖాళీలోకి వాలి చూస్తున్నాయి.
మూడు నోళ్లనీ బల్లమీద వరసగా పెట్టి
టీ చల్లారేదాకా కూర్చున్నాను.
అంతా ఆ వెంట్రుకవాసి వల్లేనని ప్రమాణం చెయ్యలేను.
పళ్లు నూరేవాళ్లు వంక కోసం వెతుక్కోరు.
ఎన్ని పంటి బిగువున భరించిందో పాపం, అనుకోబోయి
ఆగిపోయాను. సుద్ద అంత దూరం చెప్పదు.
రాత్రి పెట్టుకునే పారదర్శకపు పలక ఒకటి చేసిచ్చాను,
చుక్కలన్నీ ఒకే నీలంలో పడేదాకా
పదకొండుసార్లు అరగదీసి.

నిన్న రొట్టెల దుకాణం క్యూలో
నా ముందు నారింజ రంగు కోటు, రేవు క్రేన్ల మీద పనిచేసేవాళ్లది.
ఆవిడ ఆవులించింది.
చెవి కింద 'టక్' మంది.
గడ్డం ఎడమకి జారి, ఇరుక్కున్న సొరుగులా
ఒక్క కుదుపుతో మధ్యకొచ్చింది.

నాకు తెలిసిన నోరు.
దానిచుట్టూ ఒక ముఖం ఉంటుందని
ఎందుకో ఎప్పుడూ తట్టలేదు.
చెంప మీద పుట్టుమచ్చ, చలికి ఎర్రబడ్డ ముక్కు.

'సవీనా, ఎప్పట్లా గట్టిదేనా?'
'ఉహూ, మెత్తటిది. ఇక నుంచి మెత్తటిదే.'

పలక పెట్టుకుంటున్నావా అని అడగాలి.
నేనెవరని చెప్పను?
ఇరవై ఏళ్లుగా నీ నోరు నా అరలో ఉందనా?
నాలుకతో తడిమి చూసుకుంటే
నా పళ్లే ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని ఉన్నాయి,
నమలడానికేమీ లేకుండా.

బయట బోరా.
తాడు పట్టుకుని ఎక్కుతున్నవాళ్లందరి దవడలూ బిగిసే ఉన్నాయి.
పెదవులు మూసి, పళ్లు విడిచి నడవాలని చూశాను.
మొదటి మలుపుదాకా వీలయింది.