మొక్కుకోని మొక్కు

జారి పడలేదు. ఎవరూ తొయ్యలేదు.
నీళ్ళ బకెట్టు ఎత్తబోతే
కుడి మణికట్టు టప్పుమంది,
ఎండిన చింతమండ ఇరిగినట్టు.

ఇరవై రెండేళ్ళు కల్యాణకట్టలో
కత్తి పట్టిన చెయ్యి ఇది.
పసిబిడ్డ మాడు మెత్తగా ఎగసిపడేది తెలుసు,
ముసలమ్మ నడినెత్తిన చిన్న గుంట తెలుసు.
వెంట్రుక కింద చర్మం, చర్మం కింద ఎముక
ఎవరిది ఎట్లుంటుందో
నా వేళ్ళనడిగితే చెప్పేవి.
నా ఎముక గుల్లబారిన సంగతి
నాకే తెలీదు.

రుయాలో డాక్టరమ్మ చిన్నపిల్ల,
మా మునిరత్న ఈడుది.
"ముట్టాగి ఎన్నేళ్ళయింది?" అంది.
నాలుగు. ఆగినప్పుడు పీడ పొయ్యిందనుకున్నా.
పోతా పోతా ఏం పట్టుకుపోయిందో చూసుకోలేదు.

కాల్షియం తక్కువని చీటీ రాసి పంపుతుందనుకుంటే
కాయితం తిరగేసి బొమ్మ గీసింది.
ఎముక రాయి కాదంట.
లోపల రేయింబగళ్ళూ పనే,
కొందరు తవ్వేవాళ్ళు, కొందరు పూడ్చేవాళ్ళు.
జబ్బులకు అడ్డం నిలిచే కాపలావాళ్ళ కాపురమూ
ఆ మూలుగలోనే.
వాళ్ళలో కొందరి పేరు టీ కణాలంది.

నాకు నవ్వొచ్చింది.
అలిపిరి కాడి టీ కొట్టు కళ్ళముందు మెదిలింది.
బెంచీ మీద మొగోళ్ళు,
లేని దొంగను పట్టేస్తామని
నేలకేసి కర్రలు కొట్టేవాళ్ళు.
కొట్టు చెంగమ్మత్త ఉన్నన్నాళ్ళూ
ఒక్క చూపుకు సర్దుకునేవాళ్ళు.
ఆమె పోయినాక చూడాల,
ఊరికే అరుపులు, ఊరికే మంట,
రోడ్డు తవ్వే కూలీలను కేకేసి
"ఈడ తవ్వండ్రా, ఈడ గూడా" అని జాస్తి పెత్తనం.

"అచ్చం అంతేనమ్మా" అంది డాక్టరమ్మ.
"నీ ఒంట్లో ఆ చెంగమ్మత్త పేరు ఈస్ట్రోజెన్.
ఇదొక్కటే కారణమని కాదు. ఇంకా వెతకతా ఉండారు."

తిడదామంటే నోరు రాలేదు.
గున్యా జొరం వచ్చిన ఏడాది
నన్ను నిలబెట్టింది వాళ్ళేగా.

రాత్రి కట్టు చేతిని రొమ్ము మీద పెట్టుకుని
చెవి ఒగ్గి పడుకున్నా.
లోపల ఎవరో ఎముకకు గుండు గీస్తా ఉండారు.
నీళ్ళు చల్లకుండా,
గోవిందా అనకుండా,
పొర తర్వాత పొర.
నేనెప్పుడు మొక్కుకున్నానని?
జుట్టయితే మూడు నెలలకు మొలుస్తుంది.

వారానికొక మాత్ర. పరగడుపున. నిండు గ్లాసు నీళ్ళు.
మింగినాక అరగంట నడుం వాల్చగూడదు.
బేస్తవారం తెల్లవారుజామున
మిద్దె మీద నిలబడ్డాను.
కొండ మీదికి తొలి బస్సు లైటు
మలుపులో దాక్కుని, మళ్ళీ అగుపడింది.
ఇన్నేళ్ళూ ఇంకొకరి తల మీదికి వంగే బతికినదాన్ని,
ఇట్లా ఏ పనీ లేకుండా నిటారుగా నిలబడ్డం
నడుముకే కొత్త.

ఎదురింటి కుక్క నన్నే చూస్తోంది.
ఇంగా పదకొండు నిమిషాలుంది.