పదసూచి

ఎక్కడో ఐర్లండు సభలో ముప్పై ఏళ్ళు మాట్లాడిన ఒకావిడ
ఇప్పుడు పెరుంగుడిలో, మూడో అంతస్తులో,
నా బల్ల మీద ఐదువందల పన్నెండు పేజీలై ఉంది.
పేరు నూలా క్విల్టీ.
విదేశీ వ్యవహారాలు, శాంతి అని అట్ట మీద.
నా పని ఆమెను చదవడం కాదు,
వెనక పదసూచి కట్టడం.
పేజీకి ఇంత అని లెక్క.

మొదటి వారం తేలిగ్గానే గడిచింది.
యుద్ధం పదసూచిలో బుద్ధిగా ఉంటుంది,
తేదీలుగా, సరిహద్దులుగా, ఆయుధాలుగా
అడగకుండానే పాయలు విడిపోతుంది.
మందుపాతరలు, 41. వాటి మీద నిషేధం, 43.
కాళ్ళు పోయిన పిల్లలు, 44.
నీలి టోపీలు పెట్టుకుని వెళ్ళి పెట్టెల్లో తిరిగొచ్చిన
సొంత దేశపు కుర్రాళ్ళు, 97 నుంచి 103.
ఆ ఏడు పేజీల్లో ఆవిడ ఒక్కసారీ గొంతు పెంచలేదు.
వాళ్ళ ఊళ్ళ పేర్లు చదివింది, అంతే.

శాంతి దగ్గర చిక్కొచ్చింది.
ప్రతి పేజీలో ఉంది, ఏ పేజీలోనూ నిలవదు.
శాంతి, చూడుము: కాల్పుల విరమణ.
అక్కడికెళితే, చూడుము: చర్చలు.
చర్చల దగ్గరికెళితే, చూడుము: వాయిదా.
"పది అంకెలు దాటితే ముక్కలు చెయ్యి,
నియమం అది," అన్నాడు ఎబినేజర్ సార్.
యుద్ధాన్ని చేశాను సార్.
దీన్ని ఎక్కడ కొయ్యాలో తెలీడం లేదు.

మధ్యాహ్నం కింద నీళ్ళ లారీ వచ్చింది.
గొట్టం మాకంటే మాకని రెండు అపార్ట్‌మెంట్ల వాళ్ళు
చొక్కాలు పట్టుకునేదాకా పోయారు.
వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి
సరిగ్గా మధ్యలో వేసుకుని కూర్చున్నాడు.
ఏమీ మాట్లాడలేదు.
ఇరవై నిమిషాలకి రెండు తొట్లూ నిండాయి.
దీనికి అంకె ఎక్కడ వెయ్యాలి?

214వ పేజీ. రెండువేల తొమ్మిది, ఏప్రిల్.
సభలో ఆ పూట పదకొండు మంది, అని ఫుట్‌నోట్.
సముద్రానికీ ఫిరంగులకీ నడుమ
ఇసుకపట్టీ మీద ఇరుక్కున్న జనం గురించి
నాలుగు ప్రశ్నలు వేసింది.
నాలుగింటికీ ఒకటే జవాబు: పరిస్థితిని గమనిస్తున్నాం.
నాలుగో ప్రశ్నలో ఒక ఊరి పేరుంది.

పక్క బల్ల మీద అచ్చుతప్పులు చూసేది తవమలర్.
గుమ్మిడిపూండి క్యాంపు నుంచి మొదటి లోకల్ ఎక్కి వస్తుంది.
ఏడాదిగా పక్కనే కూర్చుంటున్నా
ఆమె డబ్బాలో పిట్టు ఉంటుందని తప్ప నాకేమీ తెలీదు.
ఆ పేజీ దగ్గర ఆమె ఎర్ర పెన్ను ఆగింది.
"ఇది తప్పు. లకారం వేశారు.
మా ఊరి పేరులో ఉండేది అది కాదు."
పలికి చూపించింది.
నాలుక వెనక్కి మడిచి, ఎక్కడా తగలనీకుండా
గాలిలో నిలబెట్టే ఆ అక్షరం.
ఇక్కడే పుట్టాను, నలభై ఏడేళ్ళు,
కూరల బేరం, బస్సు టికెట్టు అన్నీ తమిళంలోనే.
ఆ ఒక్కటి మాత్రం నా నోట జారిపోతుంది.
ఒకప్పుడు మా తెలుగుకీ ఉండేదట,
రాతి శాసనాల మీద.
ఎవరూ చంపలేదు.
పలకడం మానేశారు, అంతే.

రచయితకు ప్రశ్న, పేజీ 214: ఊరి పేరు సరిచూడగలరు.
మా దగ్గర ఆ ఊరివారు ఒకరున్నారు.
రెండో వాక్యం రాయకూడదు. రాశాను.

ఎనిమిది రోజులకు జవాబు.
ఆవిడే రాసింది, ఎనభై నాలుగేళ్ళట.
"దిద్దండి. సభలోనూ తప్పుగానే పలికాను.
దిద్దగలిగినవాళ్ళు ఆ గదిలో లేరు.
ఎలా పలకాలో ఆమెనడిగి రాస్తారా?
పుస్తకానికి కాదు, నాకు."

రాస్తే వచ్చేది కాదు.
తవమలర్ నా ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి
మూడుసార్లు చెప్పింది.
వెనకాల హారన్లు, కింద టీ బండి గిన్నెల చప్పుడు.
మూడోసారి, కండక్టరు స్టాపు పేరు అరిచినట్టు, గట్టిగా.
మొత్తం ఆరు సెకన్లు. పంపాం.

పదసూచి ఇవాళ ఇచ్చేశాను.
శాంతి వరస ఇంకా పొడుగ్గానే ఉంది,
ఎబినేజర్ సార్ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
ఊరి పేరు మాత్రం విడిగా వేశాను.
ఒక్కటే అంకె, 214.
చూడుము అని ఇంకెక్కడికీ పంపలేదు.